అంకుడు కఱ్ఱ యెవరి సొత్తు?

వారసత్వ సంపద యని వేదికలపై కీర్తించుటయు, ఆ సంపదకు మూలమైన ముడిసరకును గూర్చి మౌనము వహించుటయు మన పాలకులకు పరిపాటి యైనది. వరాహనదీ తీరమందలి ఏటికొప్పాక లక్కపనివారి స్థితియే యిందుకు నిదర్శనము.

అచ్చటి కుటుంబములు తరతరములుగా అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న కఱ్ఱకు లక్క నొత్తి, రాపిడి వేడిమికి కరగి యంటిన రంగును మొగలియాకుతో నునుపుచేసి, కుంకుమభరిణెలను, లక్కపిడతలను చేయుచున్నవి. తెలుగు ఆడపిల్ల యాటలో నడపిన మొదటి వంటయిల్లు ఆ లక్కపిడతలదే. ఈ విద్యకు తండ్రియే గురువు, ఇంటి వసారాయే పాఠశాల.

2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. చెట్టుచేమల రంగులను పునరుద్ధరించిన సి.వి. రాజుగారిని 2023లో పద్మశ్రీ వరించినది. సంతోషమే. కాని 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము పేరును కాపాడును. పిడికెడు కఱ్ఱ నీయదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము లక్కను చిన్నతరహా ఫలసాయముగ నెంచి గిరిజనునకు హక్కు నిచ్చినది. కలపను ఆ లెక్కలో చేర్చలేదు. ఒక్క బొమ్మలోని పూతకు హక్కు, కాయమునకు నిషేధము! ఇది యేమి న్యాయము?

అడవి నశించునని అధికారులు బెదరింతురు. అంకుడు మొదలు నఱకినను మరల చిగిర్చు జాతి. దానిని నాటి, వంతులవారీగ కోసికొనువాడు అడవికి శత్రువు కాడు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము మన్యమును మూసివేసిన ఫలితమేమి? 1922లో మన్యము భగ్గుమన్నది. 1924 మే 7న ఈ కొయ్యూరులోనే అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిరి. అడవిపై ప్రజలకు గల హక్కు ఆ నెత్తుటితో వ్రాయబడినది. ఆ వీరుని పేర 2022లో జిల్లా నేర్పరచిన ప్రభుత్వము ఆ హక్కును మరువదగునా?

కొయ్యూరు గిరిజనుల పొలముగట్లపై, గ్రామముల బంజరులలో అంకుడు నాటింపుడు. పెంచిన చేతికే కోయు హక్కు నిండు. అడవిబిడ్డకు ధర, పనివానికి కఱ్ఱ దక్కును.

పట్టణవాసులారా! మీ యింటి బిడ్డకు ప్లాస్టిక్కు గిన్నెలు కొనియిచ్చి, సభలలో హస్తకళలకై కన్నీరు కార్చుట చాలింపుడు. కొనువాడు లేని కళకు బిరుదు శిలాఫలకమే యగును.