ఆదివారపు గుడి – ఖాళీ చాపలు

నల్లగొండ, పాలమూరు సీమల పల్లెగుడులలో ఆదివారపుటారాధనకు వచ్చువారు నానాటికి తగ్గిపోవుచున్నారని క్రైస్తవ సంఘపెద్దలు చింతించుచున్నారు. ఆ సీమలయందే క్రొత్త ప్రార్థనామందిరములు వీధివీధికిని లేచుచున్నవనియు, క్రైస్తవులు మితిమీరి పెరిగిపోవుచున్నారనియు మరికొందరు కలవరపడుచున్నారు. ఒకే నేలనుగూర్చి వినవచ్చుచున్న రెండు మాటలివి. ఖాళీ చాపలును నిజమే, క్రొత్త మందిరములును నిజమే. వానినుండి ఇరుపక్షములవారును తీయుచున్న నిర్ణయములు మాత్రము నిలుచునవి కావని మా యభిప్రాయము.

ఈ సంఘముల పూర్వచరిత్ర తెలియనిదే నేటి స్థితి బోధపడదు. పాలమూరున అమెరికను బాప్టిస్టు మిషనువారు 19వ శతాబ్దపు చివరి భాగముననే కాలు మోపిరి. దక్షిణ రష్యానుండి వచ్చిన అబ్రహాము ఫ్రీసెను అను మెన్నొనైటు బోధకుడు 1890లో నల్లగొండలో పని ప్రారంభించెను. పిమ్మట అమెరికనుమెన్నొనైటు బ్రదరను మిషనువారు నాగరుకర్నూలు, దేవరకొండ, వనపర్తి మున్నగుచోట్ల స్థానము లేర్పరచుకొనిరి. 1937లో మహబూబునగరు స్థానముకూడ బాప్టిస్టులనుండి వారి చేతికి వచ్చెను. కథోలికులకు నల్లగొండ కేంద్రముగా 1976లో మేత్రాసన మేర్పడెను. ఈ బోధలను మొదట ఆలకించినవారిలో పెక్కుమంది మాదిగవాడల, మాలవాడల జనులు. దొర పిలిచిన క్షణమున వెట్టికి పోవలసిన మనుజుడు ఏడుదినముల కొకదినము "నేడు నేను రాను, గుడికి పోవుచున్నాను" అని చెప్పగలుగుట ఆనాడు సామాన్యమైన మాటకాదు. ఆ దినపు కూలి పోవును, ఒక్కొక్కప్పుడు వీపు పగులును. అట్టి వెలనిచ్చి కొనుక్కొన్న ఆదివారమును వారి మనుమలు అలసత్వముచేత వదలుకొనిరని తేలికగా పలుకువారు కొంచె మాగి విచారింపవలెను.

మనుమలెక్కడనున్నారు? పాలమూరు కూలీలు లేని ఆనకట్ట మన దేశమున అరుదు. గుంపు మేస్త్రీ బయానా ఇచ్చి పోయిన పిమ్మట దసరా వెళ్లగానే ఆలుమగలు మూటకట్టుకొని పోవుటయు, ముసలివారును చిన్నబిడ్డలును ఇంటికడ మిగులుటయు ఆ సీమకు తరతరముల యలవాటు. క్రిస్మసునాడు లోపల చోటు చాలక వాకిట పందిరి వేయవలసివచ్చిన గుడియందే ఫిబ్రవరి నెలలో పదిమంది వృద్ధస్త్రీలు కూర్చుండి యుందురు. సంఘపు పుస్తకములో మిగిలినవారి పేర్ల కెదురుగా "హాజరు కాలేదు" అని యుండును. ఆ హాజరు కానివాడు అదే యాదివారమున బొంబాయిలోనో హైదరాబాదు పొలిమేరలోనో సగము కట్టిన మేడక్రింద, తనవంటి నలుగురితో కూడి తెలుగు కీర్తన పాడుచుండవచ్చును. ఆ పాటను లెక్కవేయు పుస్తకమే లేదు.

చదువుకొన్న యువకుల సంగతి కొంత వేరు. వారు నగరమునకు పోయి తిరిగిరారు. అక్కడ వారిని పిలుచునవి పాత మిషను గుడులు గావు. 2005లో హైదరాబాదున ప్రారంభమైన కల్వరీ టెంపుల్ వంటి స్వతంత్ర మహామందిరములు వేలకొలది జనమును ఆకర్షించుచున్నవి. 2020 మార్చినెలాఖరున మహమ్మారి మూలమున ఆరాధనాస్థలములన్నియు మూతపడి జూను 8వ తేదీవరకు తెరువబడలేదుగదా. ఆ దినములలో చేతి ఫోనులోనే ప్రసంగము వినుట నేర్చిన ఇల్లాలికి, నగరపు బోధకుని వాక్చాతుర్యము ముందు తన యూరి అయ్యగారి మాట చప్పగా తోచుట వింతగాదు. అయితే అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినపుడు తలుపు తట్టవలసినది ఊరి అయ్యగారినే. ఈ భేదమును గ్రహించిన సంఘములు నిలిచినవి. ప్రసంగములో పోటీకి దిగినవి ఓడినవి.

ఇందొక విపరీతముకూడ కలదు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు చేరినచోట్ల వలస కొంత తగ్గినది. జనము ఊరనే యున్నారు, గుడి నిండవలెను. కాని నీరు వచ్చినచోట వరి వచ్చినది. నాట్ల కాలమున ఆడువారు గుత్తకు ముఠాలు కట్టి పోవుచున్నారు. గుత్తపనికి ఆదివారము లేదు. ఒక్కతె ఆగిన ముఠా అంతయు వెనుకబడును. కరవు ఖాళీచేసిన గుడిని నీరును నింపలేకపోయినది!

ఇక పెరుగుదలనుగూర్చి కలవరపడువారి మాట. అవిభక్త ఆంధ్రప్రదేశపు జనాభాలెక్కలలో క్రైస్తవులు 1971లో నూటికి 4.19, 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34. సుమారు 18 లక్షలనుండి 11 లక్షల 30 వేలకు దిగిరి. ఇవి కోస్తా జిల్లాలనుకూడ కలుపుకొన్న యంకెలు, అయినను దారి యెటో తెలుపుచున్నవి. మందిరములు పెరుగుచుండ మనుషులెట్లు తరుగుచున్నారు? 1950 ఆగస్టు 10వ తేదీనాటి రాష్ట్రపతి యుత్తరువునుబట్టి హిందువుగానివాడు షెడ్యూల్డు కులస్థుడు గాజాలడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ నియమము సడలింపబడినది, క్రైస్తవులకు సడలలేదు. మనవైపున అట్టివారిని వెనుకబడిన తరగతుల "సి" వర్గమున చేర్చి నూటికొక్క పాలు నిచ్చిరి. ఉత్తరువు పుట్టిన యిరువదియేండ్లవరకు ఈ యంకెలు దిగలేదేమని యడుగవచ్చును. బడిచదువు, కొలువు, ఇంటిస్థలము పల్లెవాడకు అందుట మొదలైన పిమ్మటనేగదా పత్రముమీది మాటకు విలువ వచ్చినది! నాటినుండి ఇంటిలో బైబిలును, పత్రములో హిందువును కలిసి కాపురము చేయుచున్నారు.

ఇంతవరకు గణకుని యెదుట చెప్పు మాటయే చిక్కు తెచ్చుచుండెను. ఇప్పుడు గుడిగడప తొక్కుటయు తెచ్చుచున్నది. 2024 నవంబరు 26వ తేదీన పుదుచ్చేరికి చెందిన యొక స్త్రీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఆమె క్రమముగా చర్చికి పోవుటను ఆమె మతమునకు సాక్ష్యములలో నొకటిగా గైకొని, షెడ్యూల్డుకుల పత్రమునకై చేసికొన్న మనవిని త్రోసివేసినది. నిలిచియున్న చట్టమును న్యాయస్థానము అన్వయించినది. చట్టమే వంకరగా నున్నపుడు తీర్పు తిన్నగా నుండవలెనని కోరుట వ్యర్థము. అయినను బిడ్డ కళాశాల ప్రవేశమునకై దరఖాస్తు పెట్టుకొన్న తండ్రి, ఆ సంవత్సరమున గుడి ముందువరుసలో కూర్చుండుటకు జంకడా? హాజరు తరుగుటకు గల హేతువులలో ఈ జంకు నెన్నని సంఘనివేదిక అసంపూర్ణమే.

ఇంగ్లాండున 1851 మార్చి 30వ తేదీ ఆదివారమునాడు గుడులకు వచ్చినవారినెల్ల ప్రభుత్వమే లెక్కించెను. రాదగినవారిలో చాలభాగము రాలేదని తేలగా ఆ దేశము నివ్వెరపోయెను. అక్కడ గుడికి రాకున్నను "నేను క్రైస్తవుడను" అని చెప్పుకొనుటవలన నష్టములేదు. ఇచ్చట గుడికి వచ్చువాడే ఆ మాట పైకి చెప్పుటకు వెనుదీయుచున్నాడు. కాబట్టి వారి మందులు మన రోగమునకు పనికిరావు.

సంఘములు చేయదగిన పనులు లేకపోలేదు. మిషను ఆవరణముల భూములకై పెద్దలు కోర్టుల వెంట తిరుగు వ్యయములో పదవవంతు, వలసపోవు కుటుంబముల పేర్లు వ్రాసికొని, వారు దిగుచోటనున్న తెలుగు సంఘమునకు ఉత్తరము వ్రాయుటకు చాలును. పనికాలమున ఆరాధనను రాత్రికి మార్చుకొనుట పూర్వ మున్న పద్ధతియే. పది గంటల యారాధన వేదవాక్యము కాదు. ఇక, బోధకుడు రానివారమున ఇంటింట ప్రార్థన నడుపుచున్న స్త్రీలు గుడి నిలుపుచున్నారు. వారికి సంఘసభలో ఓటే గాని మాట లేకుండుట మాకు సబబుగా తోచదు.

ప్రభుత్వము చేయవలసినది వేరు. ఈ విషయమును విచారించిన రంగనాథమిశ్రా సంఘము మతమునకును కులపు హక్కునకును గల ముడిని విప్పుమని 2007లోనే నివేదించినది. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ సంఘమును వేరుగ నియమించిరి. 2027 మార్చి 1వ తేదీ ప్రమాణముగా కులములతో సహా లెక్క తీయుదుమని 2025 జూనులో ప్రకటించిరి. గణకుని యెదుట పౌరుడు అబద్ధమాడినగాని బిడ్డ చదువు సాగదను స్థితిలో తీయు లెక్కకు దేశము కోట్లు వెచ్చించుట ఏమి ప్రయోజనము?

మా పాఠకులలో భూమిగలవారు పెక్కురు. నాట్లముఠాతో గుత్త మాటాడుకొనునపుడు ఆదివారము ఉదయమును విడిచి పదునొకండు గంటలకు మడిలో దిగునట్లు ఒప్పుకొనిన నారు ముదిరిపోదు. కొన్నియూళ్ల రైతు లిప్పటికే అట్లు చేయుచున్నారు. ఆ ముఠాలు సోమవారము చెప్పిన వేళకు ముందే గట్టుమీద నుండుచున్నవి.