ముక్కలుగా మిగిలిన కవికోకిల: దువ్వూరి రామిరెడ్డి పఠనంపై ఒక ఆక్షేపణ

నెల్లూరు సీమ కవి దువ్వూరి రామిరెడ్డిని (1895–1947) తెలుగు సాహిత్య విమర్శ మరచిపోలేదు, ముక్కలు చేసింది. భావకవిత్వ చర్చలో ‘వనకుమారి’, రైతు జీవిత చిత్రణలో ‘కృషీవలుడు’, అనువాద ప్రస్తావనలో ‘పానశాల’ కనిపిస్తాయి. నాటకాలు, సాహిత్య వ్యాసాలు మాత్రం రచనల జాబితా చివర పేర్లుగా మిగులుతాయి. బోధనా సౌలభ్యం కోసం చేసిన విభజనగా దీనిని సమర్థించవచ్చు. కాని ఏది చదవాలో, ఏది వదలాలో నిర్ణయించే విభజన సౌలభ్యం కాదు, అది మూల్యనిర్ణయమే.

‘రైతు కవి’ అన్న బిరుదునే పరిశీలించవచ్చు. కవి స్వయంగా సేద్యం చేసినవాడు కనుక రైతును గురించి వ్రాశాడని సరిపెట్టుకోవడం కావ్యానికి జీవితచరిత్రను సమాధానంగా చూపడమే. రాజులకూ దేవతలకూ అలవాటుపడిన పద్యంలో కృషీవలుణ్ణి నాయకునిగా నిలపడం కావ్యవస్తువును గురించిన సిద్ధాంత నిర్ణయం. అటువంటి నిర్ణయం చేసిన కవి కవిత్వాన్ని గురించి వ్యాసాలు కూడా వ్రాసినప్పుడు, వాటిని పక్కన పెట్టి కావ్యాన్ని వ్యాఖ్యానించడం అసంపూర్ణ పరిశోధన.

ఈ అన్యాయం ‘పానశాల’ విషయంలో మరింత స్పష్టం. రామిరెడ్డి పారశీకం నేర్చి, ఆ మూలం నుండి ఉమర్ ఖయ్యామును తెలుగు చేశారు. అయినా పోలికకు ముందుగా చేతికి వచ్చేది 1859 నాటి ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదమే. రుబాయీ పాదం పదమూడు అక్షరాలు దాటదు. ఉత్పలమాల పాదానికి ఇరవై, చంపకమాలకు ఇరవై ఒక్క అక్షరాలు. పైగా యతిప్రాసల నియమం. అంటే మూలంలో లేనిదేదో తెలుగు పద్యంలోకి వచ్చి తీరాలి. ఆ చేరికలోనే రామిరెడ్డి కవిగా దొరుకుతారు. పారశీక మూలాన్ని ఎదుట పెట్టుకోని పరిశీలన ఏది ఖయ్యాముదో, ఏది రామిరెడ్డిదో ఎలా తేల్చగలదు? ఆదిభట్ల నారాయణదాసు పారశీక మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ ఆంగ్లాన్నీ రెండింటినీ సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చి, ఆ పోలికకు మార్గం 1932లోనే చూపారు. ఆ మార్గాన నడిచే శిక్షణ నేటి తెలుగు శాఖలలో అరుదు.

ఇక ‘కుంభరాణా’. దీనికి ‘మీరాబాయి’ అన్న మరో పేరు కూడా ఉంది. కుంభరాణాను మీరాతో జతచేసిన కథనానికి కర్నల్ టాడ్ రచన ప్రచారం కల్పించింది. కుంభుడు 1468లో మరణించగా, మీరా రాణా సంగుని కుమారుడు భోజరాజు భార్య అని తరువాతి చరిత్రకారులు నిర్ణయించారు. ఈ కాలదోషాన్ని చూపి నాటకాన్ని తోసిపుచ్చడం సులభం. అది చరిత్ర పరీక్షకు సరిపోయే తీర్పే గాని సాహిత్య పరీక్షకు చాలదు. ఖయ్యాము సంశయాన్ని తెలుగు చేసిన కవే ఉత్తరదేశపు భక్త కవయిత్రిని రంగస్థలం మీదికి ఎందుకు తెచ్చారన్నది అసలు ప్రశ్న. ‘పానశాల’ ఒక్కటే చదివినవారికి రామిరెడ్డి భోగవాదిగా తోచవచ్చు. రెండూ చదివినవారికి ఆ తీర్పు నిలవదు.

నాటకాలు రంగస్థలంపై నిలిచినవి కావనీ, వ్యాసాలు కవిత్వానికి అనుబంధాలు మాత్రమేననీ ఎవరైనా వాదించవచ్చు. ప్రదర్శన విజయం వేరు, కవి ఆలోచనలో నాటకానికి గల స్థానం వేరు. అనుబంధమన్న తీర్పు కూడా చదివిన తరువాత ఇవ్వవలసినదే, చదవకుండా ఉండటానికి చెప్పవలసిన కారణం కాదు.

ఖండకావ్యాలను, నాటకాలను, వ్యాసాలను ‘కవికోకిల గ్రంథావళి’ ఒకే వరుసలో అందించింది. గ్రంథావళి కూర్చినదానిని పాఠ్యప్రణాళిక విడదీసింది. ‘పానశాల’పై పరిశోధనకు పారశీక పరిజ్ఞానాన్ని, కనీసం ఆ భాష తెలిసిన సహపర్యవేక్షకుణ్ణి నియమంగా కోరాలి. కవిత్వం బోధించే చోట ఆయన వ్యాసం ఒకటైనా పాఠ్యం కావాలి. ఈ రెండూ జరగనంత వరకు వెలువడే సిద్ధాంతగ్రంథాలు ఒక బిరుదును గురించినవే అవుతాయి గాని దువ్వూరి రామిరెడ్డిని గురించినవి కావు.