చిత్రకళ: నీలి గది

శయ్యపై మేను వాల్చిన స్త్రీ ఐరోపా చిత్రకళలో చిరపరిచితమైన వస్తువు. 1538లో టిషియన్ చిత్రించిన వీనస్ మొదలు 1863లో మానే చిత్రించిన ఒలింపియా వరకు ప్రసిద్ధికెక్కిన అటువంటి అనేక చిత్రాలలో ఆమె వివస్త్ర. ఆమె చూపు తరచుగా ప్రేక్షకుని మీదనే. కుంచె పట్టిన చేయి పురుషునిది.

1923లో ఫ్రెంచి చిత్రకారిణి సుజాన్ వాలదోన్ ‘నీలి గది’ని చిత్రించింది. శయ్య అదే, భంగిమ కూడా దాదాపు అదే. కాని ఈ స్త్రీ చారల పైజామా, గులాబిరంగు లోరవిక ధరించి ఉన్నది. నోట సిగరెట్టు, పాదాల చెంత రెండు పుస్తకాలు. స్థూలకాయాన్ని దాచుకొనే ప్రయత్నం లేదు. ఎవరినో మెప్పించాలన్న ఆరాటమూ లేదు. చూపు పక్కకు మళ్లించి, తన ఆలోచనలో తాను మునిగి ఉన్నది. చుట్టూ పూల అల్లికల నీలి తెరలు. దేహానికి దృఢమైన ముదురు రేఖ.

ఈ కొత్త చూపు వాలదోన్‌కు ఊరకే అబ్బినది కాదు. 1865లో ఒక అవివాహిత శ్రమజీవికి జన్మించి, పారిస్‌లోని మోమార్త్ర్ పేటలో పేదరికంలో పెరిగింది. చిన్నవయసులోనే సర్కసులో చేరి, ఊయల మీది నుండి పడి ఆ వృత్తిని విడిచిపెట్టింది. ఆపైన బతుకుతెరువు కోసం చిత్రకారుల ఎదుట మోడల్‌గా నిలిచింది. రెన్వార్ 1883లో చిత్రించిన ‘బూజివాల్‌లో నృత్యం’లోని యువతి ఆమెయే. తులూజ్ లోత్రెక్ కూడా ఆమెను చిత్రించాడు.

కళాశాలలో చేరే స్తోమతు ఆమెకు లేదు. గంటల తరబడి కదలక కూర్చొని, తనను చిత్రిస్తున్న వారి చేతులను గమనిస్తూ విద్య గ్రహించింది. ఆమె రేఖాచిత్రాలను చూసి ముగ్ధుడైన దెగా వాటిని కొని ప్రోత్సహించాడు. 1894లో జాతీయ లలితకళా సంఘపు ప్రదర్శనలో ఆమె చిత్రాలకు చోటు దక్కింది.

పరుల చూపు కింద నిశ్చలంగా ఉండడంలోని అలసట ఆమెకు స్వానుభవం. కనుకనే, కుంచె తన చేతికి వచ్చినప్పుడు, ఎదుటి స్త్రీని అలంకారంగా గాక, విశ్రాంతికి హక్కు గల మనిషిగా చూడగలిగింది.

మన దేశంలో అమృతా షేర్‌గిల్ 1940లో నులకమంచంపై పడుకున్న స్త్రీని చిత్రించింది. ఆమె కూడా వస్త్రధారిణియే. ఆమె మనసూ మరెక్కడో ఉన్నది.

వాలదోన్ 1938లో కన్నుమూసింది. ‘నీలి గది’ నేడు ఫ్రాన్సు జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల సంపద. అందులోని స్త్రీ చూపరుల వైపు ఇంకా తిరగలేదు. తిరగవలసిన అవసరమూ ఆమెకు లేదు.