అవిసె నూనె సీసా కొనే ముందు



ఈ మధ్య మా ఓ.పి.లో బి.పి. చూసే బల్ల దగ్గర కూర్చున్నవారు తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టర్ గారూ, అవిసె నూనె క్యాప్సూళ్లు వాడమంటున్నారు, ఏ కంపెనీవి మంచివి?" ఆదివారం ఆరాధన ముగిశాక గుడి ఆవరణలోనూ ఇదే ప్రశ్న. కంపెనీ పేరు చెప్పడం మా పని కాదు. కాని మంచి సరుకును ఎలా గుర్తుపట్టాలో, అసలు కొనడం అవసరమో కాదో చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చాలామందికి ఈ సీసా అవసరం లేదు. కొనదలచినవారు లేబుల్ చదివి కొనాలి. ఈ సీసా కోసం డాక్టరు గారు రాసిన మాత్ర మాత్రం ఎవరూ మానకూడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్ని నెలల క్రితం యాభై దాటిన ఒక తల్లి తలనొప్పితో, కళ్లు తిరుగుతూ వచ్చారు. బి.పి. 190/110 ఉంది. ఆరేళ్లుగా క్రమం తప్పకుండా మాత్రలు వాడిన మనిషి. "మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా?" అని అడిగితే తల వంచుకున్నారు. "రెండు నెలల నుంచి మానేశాను సిస్టరమ్మా. ఇవి వాడితే ఇంగ్లీషు మందులు అక్కర్లేదన్నారు. రెండూ కొనే శక్తి మాకు లేదు" అంటూ చేతిసంచిలో నుంచి అవిసె నూనె క్యాప్సూళ్ల సీసా తీశారు. సమయానికి వచ్చారు గనుక పక్షవాతం రాకుండా బయటపడ్డారు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఆ రెండు నెలల మధ్యలో ఆమె ఒకసారి మా దగ్గరకు వచ్చినట్టు ఓ.పి. పుస్తకంలో రాసి ఉంది. అప్పుడు బి.పి. కొంచెం ఎక్కువే ఉంటే ఉప్పు తగ్గించమని చెప్పి పంపించాం. మాత్రలు వాడుతున్నారా, వాటితో పాటు ఇంకేమైనా తీసుకుంటున్నారా అని అడగలేదు. అడిగి ఉంటే ఆ సీసా సంగతి ఆ రోజే తెలిసేది.

నూనెలో ఏముంది?

ముందుగా ఒక మాట. తమలపాకు తోటల్లో తీగ పాకించడానికి వేసే అవిసె చెట్టు వేరు, ఈ అవిసె గింజ వేరు. ఇది గోధుమ రంగులో, నువ్వుల కన్నా కొంచెం పెద్దగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఈ గింజ నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది. దీనినే క్లుప్తంగా ఎ.ఎల్.ఎ. అంటారు. ఇది ఒమేగా-3 జాతి కొవ్వు. మన శరీరం దీనిని సొంతంగా తయారు చేసుకోలేదు, ఆహారం ద్వారానే అందాలి. పెద్దవారిలో మగవారికి రోజుకు 1.6 గ్రాములు, ఆడవారికి 1.1 గ్రాములు సరిపోతాయని అమెరికా పోషకాహార నిపుణుల లెక్క.

కాబట్టి ఇది మంచి ఆహారమే, అందులో సందేహం లేదు. కాని మందు కాదు. చేప నూనెతో సమానం అని చెప్పి అమ్మడం కూడా సరికాదు. కానాగంతల వంటి సముద్రపు చేపల్లో ఉండే ఒమేగా-3 వేరు రకం. అవిసె నూనె నుంచి మన శరీరం ఆ రకాన్ని చాలా కొద్దిగా మాత్రమే తయారు చేసుకోగలదు.

నూనె కన్నా గింజ మేలు

కెనడాలో ఒక పరిశోధన జరిగింది, ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయిన రోగులకు ఆరు నెలల పాటు రోజుకు 30 గ్రాముల అవిసె గింజల పొడి ఇచ్చి చూశారు. పొడి తీసుకోనివారితో పోలిస్తే వారి పై బి.పి. సుమారు 10 పాయింట్లు తక్కువగా ఉంది. ఈ మాట పట్టుకునే చాలామంది సీసాలు అమ్ముతున్నారు. కాని గమనించండి. అక్కడ ఇచ్చింది గింజల పొడి, నూనె క్యాప్సూల్ కాదు. పైగా దానిని డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చారు.

గింజలో పీచు ఉంటుంది, లిగ్నాన్లు అనే మేలు చేసే పదార్థాలు ఉంటాయి. నూనె తీసేటప్పుడు పీచు అంతా, లిగ్నాన్లు చాలావరకు పిండిలోనే ఉండిపోతాయి. మలబద్ధకం తగ్గడానికి, కొలెస్టరాల్ కొంత దిగడానికి తోడ్పడే భాగం ఎక్కువగా అదే.

ఒక పెద్ద చెంచా పొడిలో, అంటే సుమారు 7 గ్రాములలో, దాదాపు 1.6 గ్రాముల ఎ.ఎల్.ఎ. ఉంటుంది. రోజుకు కావలసినది అంతే. గింజలను దోరగా వేయించి, వారానికి సరిపడా మాత్రమే పొడి కొట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి వేసి కారప్పొడి చేసుకోవచ్చు. బి.పి. ఉన్నవారు ఉప్పు తగ్గించాలి. గింజలను అలాగే మింగితే చాలావరకు అరగకుండా బయటకు పోతాయి. పొడి తిన్నాక నీళ్లు బాగా తాగాలి.

కొనదలచినవారు చూడవలసినవి

1. ఎ.ఎల్.ఎ. ఎంత? సీసా మీద పెద్ద అక్షరాలతో 1000 మి.గ్రా. అని ఉంటే అది నూనె బరువు మాత్రమే. అందులో ఎ.ఎల్.ఎ. సుమారు 500 నుంచి 600 మి.గ్రా. ఉంటుంది. ఆ అంకె విడిగా రాయని సీసా వద్దు.

2. ఒమేగా 3-6-9 అని ఉంటే మోసపోవద్దు. 6, 9 మనకు సన్‌ఫ్లవర్, వేరుశనగ నూనెల్లో రోజూ అందుతూనే ఉన్నాయి. వాటికి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

3. నూనె ఎలా తీశారు? వేడి తగలకుండా గానుగ పద్ధతిలో తీసినది, అంటే కోల్డ్ ప్రెస్‌డ్ అని ఉన్నది మేలు.

4. సీసా ఎలా ఉంది? ఈ నూనెకు వెలుతురు, వేడి, గాలి మూడూ శత్రువులే. ముదురు రంగు సీసాలో ఉండాలి. ఎండ తగిలే షాపు అద్దాల్లో పెట్టిన సీసా తీసుకోవద్దు. చిన్న సీసా కొనండి. మూత తీసిన నూనెను ఫ్రిజ్‌లో పెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు వాడేయండి. ఫ్రిజ్ లేని ఇంటికి గింజలే సరైనవి.

5. తేదీ, లైసెన్సు. తయారీ తేదీ, గడువు తేదీ, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల లైసెన్సు నంబరు చూడండి. "వైద్య అవసరాలకు కాదు" అనే హెచ్చరిక కూడా ఉండాలి. చట్టమే అలా రాయమంటున్నప్పుడు, అమ్మేవారు దానిని మందు అని ఎలా అంటారు?

6. వాసన. మంచి నూనెకు గింజల కమ్మని వాసన ఉంటుంది. పాడైతే పెయింటు డబ్బా వాసన, చేదు వస్తాయి. క్యాప్సూళ్లయితే ఒకదాన్ని సూదితో పొడిచి వాసన చూడండి. చెడు వాసన వస్తే, గడువు తేదీ మిగిలి ఉన్నా పారవేయండి.

7. శాకాహారులు క్యాప్సూల్ తొడుగు గురించి అడగాలి. జెలటిన్ తొడుగు పశువుల ఎముకలు, చర్మాల నుంచి తయారవుతుంది.

ఈ నూనెతో కూరలు వండకూడదు, వేపుళ్లు చేయకూడదు. వేడికి త్వరగా పాడవుతుంది. రంగుల షాపుల్లో లిన్‌సీడ్ ఆయిల్ పేరుతో చవకగా దొరికేది, క్రికెట్ బ్యాట్లకు పూసేది కూడా అవిసె నూనే. చవక అని దానిని నోట్లో వేసుకోవద్దు. అందులో త్వరగా ఆరడానికి లోహపు రసాయనాలు కలిపి ఉండవచ్చు.

ఎవరు ముందుగా అడగాలి?

గుండె కవాటం మార్చుకుని రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవారు, ఆస్పిరిన్ వాడుతున్నవారు, ఆపరేషన్ తేదీ తీసుకున్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు గారిని అడగకుండా ఈ నూనె మొదలుపెట్టవద్దు. రక్తస్రావం పెరిగే అవకాశం ఉంది. షుగరు, బి.పి. మాత్రలు వాడేవారు కూడా చెప్పాలి. మోతాదు మించితే విరేచనాలు అవుతాయి. గింజల పొడి తినేవారు మాత్రలకు, పొడికి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. పీచు వల్ల మందు సరిగా ఒంటికి పట్టకపోవచ్చు.

షుగరు, బి.పి., గుండె జబ్బు, క్యాన్సరు నయం చేస్తుందని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఇంటికి వచ్చి అలా చెప్పేవారు బంధువులైనా, మన సంఘంలోని వారైనా, మర్యాదగానే "వద్దు" అనండి. వారిలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. తమకు ఎవరో చెప్పినది నమ్మి మనకు చెబుతారు. కాని మాత్ర మానితే దెబ్బ తినేది మన శరీరమే.

ఆ తల్లి ఇప్పుడు మళ్లీ మాత్రలు వాడుతున్నారు. బి.పి. అదుపులో ఉంది. క్యాప్సూళ్ల డబ్బు మిగిలింది, ఇంట్లో అవిసె కారప్పొడి చేసుకుంటున్నారు. మేము కూడా మా పద్ధతి మార్చుకున్నాం. బి.పి. పట్టీ కట్టే ముందే "ఇంకేమైనా వాడుతున్నారా?" అని ప్రతి ఒక్కరినీ అడిగి చీటీలో రాస్తున్నాం.

మీరు కూడా మాకు సాయం చేయండి. ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే నూనెలు, పొడులు, క్యాప్సూళ్లు అన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. మేము కోప్పడం. కలిసి కూర్చుని లేబుళ్లు చదువుదాం.