నందికి ఒక తేదీ కావాలి

ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో 2019 డిసెంబరు 23న 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రదానం చేశారు. సావిత్రి జీవితాన్ని తెరకెక్కించిన ‘మహానటి’లో నటనకు కీర్తి సురేష్ ఉత్తమ నటి పతకం అందుకున్నారు. అందించినవారు నాటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు. 1978లోను, 1983లోను ఉదయగిరి ఓటర్లు శాసనసభకు పంపిన నాయకుడాయన. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట నుంచి ఆ వేదిక దాకా రాజకీయాల్లో దారి ఉందన్నమాట. అదే మెట్టలో తిరునాళ్ల రాత్రి హార్మోనియం శ్రుతిలో హరిశ్చంద్ర పద్యం అందుకునే నటుడికి ఏ వేదిక ఉంది?

ఉండాల్సిన వేదిక పేరు నంది. లేపాక్షి బసవన్న రూపాన్ని గుర్తుగా తీసుకుని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో ఈ పురస్కారాలు మొదలుపెట్టింది. తొలి బంగారు నందిని ‘డాక్టర్ చక్రవర్తి’ గెలుచుకుంది. సినిమాతో మొదలైన నంది తర్వాత టెలివిజన్‌కూ, రంగస్థలానికీ వచ్చింది. జాతీయ చలనచిత్ర పురస్కారాల పట్టికలో సీరియల్ నటికి గాని, పద్య నాటక సమాజానికి గాని చోటు లేదు. నంది ఆ చోటు ఇచ్చింది. పద్య నాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక అని విడివిడిగా చూసి, పగలు పొలానికో బడికో వెళ్లి సాయంత్రం రిహార్సల్‌కు కూర్చునే మనుషుల్ని కళాకారులుగా లెక్కలోకి తీసుకుంది. నంది చేసిన మేలు అదీ.

అలాంటి నంది నిలకడ తప్పింది. 2014, 2015, 2016 సంవత్సరాల సినిమా నందులను మూడేళ్లవీ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. ఆ తర్వాత ఏటేటా వినవలసిన ప్రకటన ఆగిపోయింది. 2022 నాటక నందుల పోటీలు 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి. పొరుగున తెలంగాణ గద్దర్ పేరిట పురస్కారాలు నెలకొల్పి, 2025 జూన్ 14న హైదరాబాద్‌లో ప్రదానం చేసింది. గడిచిన పదేళ్ల ఉత్తమ చిత్రాలనూ అప్పుడే కలిపి గౌరవించింది. పాత బాకీ తీర్చడం మంచి పనే. అయితే పదేళ్లలో ఎందరో పెద్దలు వెళ్లిపోతారు. మెచ్చుకోలు మనిషి ఉండగా చేరాలి.

సమయానికి దక్కిన ఇంటి మన్నన ఏం చేస్తుందో ఐర్లండ్ చూపింది. ఆ చిన్న దేశానికి సినిమాలనూ టెలివిజన్ నాటకాలనూ ఒకే వేదికపై గౌరవించే అకాడమీ ఉంది. 2022లో అక్కడ ఉత్తమ చిత్రంగా నిలిచిన ‘అన్ కలీన్ క్యూన్’ చాలావరకు ఐరిష్ భాషలోనే నడుస్తుంది. పల్లెలో బంధువుల ఇంటికి చేరిన ఓ పాప కథ అది. ఇంగ్లీషు నీడలో ఒదిగి బతుకుతున్న భాషలో తీసిన ఆ చిత్రం మరుసటి ఏడాది ఆస్కార్ అంతర్జాతీయ చిత్రాల విభాగంలో నామినేషన్ పొందింది. ఆ భాష నుంచి అంతదూరం వెళ్లిన తొలి సినిమా అదే. ఆస్కార్ కంటే ముందే సొంత ఇల్లు దాన్ని తలకెత్తుకుంది.

ఉదయగిరికి ఈ సంగతి మరోలా తెలుసు. కొండ చెక్కతో అక్కడి స్త్రీలు చెక్కే గరిటెలకూ చెంచాలకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడ అమ్మినా ఆ వస్తువు వెంట ఊరి పేరు నడుస్తుంది. కళాకారుడికిచ్చే పురస్కారంలోనూ ఆ గుణం ఉండాలి. ప్రశంసాపత్రం మీద నటుడి పేరు పక్కన అతని నాటక సమాజం పేరు, ఊరి పేరు అచ్చు కావాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని కోరేది పెద్ద ఖర్చు కాదు. నందికి ఏటా ఒక తేదీ ఖాయం చేయాలి. ప్రభుత్వం మారినా తేదీ మారకూడదు. నాటక పోటీల్లో కొన్నింటినైనా పెద్ద నగరాలు దాటించి ఆత్మకూరు, ఉదయగిరి వంటి ఊళ్లకు వంతులవారీగా తీసుకురావాలి. సోమశిల జలాశయం నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన నేల ఇది. పనుల కోసం ఊరు విడిచి వెళ్లే పిల్లలు ఇక్కడ ఎక్కువ. తమ వీధి మనిషి రాష్ట్రం ఎదుట నంది అందుకోవడం ఆ పిల్లలు కళ్లారా చూస్తే, ఇక్కడ పుట్టిన కళకు ఇక్కడే విలువ ఉందని నమ్ముతారు. ఆ నమ్మకం కలిగించడానికే ప్రభుత్వాలు పురస్కారాలు ఇవ్వాలి.