గీతలలో దాగిన వరం

అల్లాహ్ తన దాసులందరికీ ఒకే విధమైన శక్తిని ప్రసాదించలేదు. ఒకరు విన్నదానిని వెంటనే కంఠస్థం చేస్తారు. మరొకరు చూసినదానిని మనసులో నిలుపుకొని చేతితో తిరిగి రూపొందిస్తారు. మొదటివారికి లభించే ఆదరణ రెండవవారికి లభించడం లేదు. సబక్ ఆలస్యంగా అప్పజెప్పే పిల్లవానికి ‘మొద్దు’ అని పేరు పెడతాము. కొన్నాళ్లకు వాడూ దానినే నమ్ముతాడు. చదువు మాన్పించి పనికి పంపే ఆలోచన తరచూ అక్కడే మొదలవుతుంది.

దైవప్రవక్త (సల్లం) ఒకమారు చతురస్రం గీసి, దాని నడుమ నుండి వెలుపలికి సాగే గీతను, పక్కన చిన్న గీతలను గీసి మానవుని ఆయుష్షును, ఆశలను, ఆపదలను సహచరులకు బోధించారు. కంటితో గ్రహించే విద్యకు ఇంతకన్నా ప్రమాణమేమి కావాలి? అమెరికా మనస్తత్వవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ 1983లో మేధ పలు విధాలని చెబుతూ, ఆకారాలను, దూరాలను గ్రహించే శక్తిని అందులో ఒకటిగా పేర్కొన్నాడు.

ఈ శక్తిని గుర్తించడం కష్టం కాదు. జీమ్, ఐన్ అక్షరాల వంపును ఒకసారి చూసి సరిగా దించే బాలుడు, మస్జిద్ కిటికీలు, కమానులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడకుండా గీసి చూపే బాలిక, విప్పిన తాళాన్ని తిరిగి బిగించే పిల్లవాడు — వీరిని గమనించండి. కుల్కచర్ల పరిసరాలలో తాండూరు బండలు పరిచే మేస్త్రీ ఏ ముక్క ఏ మూలకు సరిపోతుందో కంటితోనే అంచనా వేస్తాడు. అదీ ఈ వరమే.

ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాల హెచ్చరికను మేము విస్మరించడం లేదు. అయితే అంతమాత్రాన పిల్లవాని నోటుపుస్తకం చించివేయనక్కరలేదు. దారి చూపితే చాలు. అక్షరాలు, లతలు, రేఖాకృతులు, పటాలు, కట్టడాలు — క్షేత్రం విశాలమైనది. పదవ శతాబ్దంలో ఇబ్న్ ముఖ్లా కలం చుక్కను కొలతగా తీసుకొని అరబీ అక్షరాలకు పరిమాణాలు నిర్ణయించాడు. మనకు ఎంతో దూరం కాని బీదర్‌లో, 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా గోడలపై రంగు పలకలలో ఖుర్ఆన్ వాక్యాలు నేటికీ కనిపిస్తాయి. విద్యాలయమే చిత్రకళకు ఆశ్రయమిచ్చిన కాలమది!

తల్లిదండ్రులకు మా మనవి: అటువంటి బిడ్డకు ఒక కలం, గళ్ల కాగితం, వృత్తలేఖిని ఇవ్వండి. ఆయతును ముందు తఖ్తీపై రాయించి, పిదప చదివించండి; కన్ను చెవికి తోడవుతుంది. అన్నతోనో, పొరుగింటి హాఫిజ్‌తోనో పోల్చకండి. అల్లాహ్ ఇచ్చిన అమానత్‌ను గుర్తించడం మన బాధ్యత. ఆయన మనకు ఆ చూపును ప్రసాదించుగాక! ఆమీన్.