కొండ అడవి తూకం – తక్కెడ ఎవరి చేతిలో వున్నది?

2025 జులై 30న శ్రీహరికోట నుంచి నైసార్ అనే ఉపగ్రహం ఆకాశంలోకి వెళ్ళింది. మన ఇస్రో, అమెరికా వారి నాసా కలిసి తయారుచేసిన రాడార్ ఉపగ్రహమిది. అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ 29న, యూరపు దేశాల అంతరిక్ష సంస్థ ‘బయోమాస్’ అనే మరో ఉపగ్రహాన్ని పంపింది. రెండూ చేసే పనుల్లో ఒకటి సమానం. భూమ్మీద అడవుల్లో ఎంత కలప వున్నది, అంటే ఎంత కర్బనం నిలవ వున్నది అని పైనుంచి అంచనా కట్టడం.

కూలి రేట్లూ, బంజర్ల పంపకమూ రాయాల్సిన శీర్షికలో ఈ ఉపగ్రహాల గొడవేమిటని పాఠకులు అడగవచ్చు. అడవిలోని కర్బనం ఈనాడు అంగడి సరుకైంది. ఫ్యాక్టరీ పొగ వదిలేవాడు ఎక్కడో కొండమీది అడవిని చూపించి, ‘నా పొగకు అది చెల్లు’ అంటున్నాడు. టన్నుల లెక్కన బేరం సాగుతున్నది. సరుకన్నాక తూకం వుంటుంది. తూకం వున్నచోట మోసానికి తావుంటుంది. పత్తి కాటాలో, ధాన్యం తేమ లెక్కలో మనం పడుతున్నదే ఇది. కాబట్టి ఈ కొత్త తక్కెడ ఎలా పనిచేస్తుందో కొండమీది గిరిజన రైతుకూ, కింద కూలి చేసుకునేవాడికీ తెలిసి వుండాలి.

చెట్టు జమాఖర్చు

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, ఎండ సాయంతో తన ఆహారం తయారుచేసుకుంటుంది. దానిలో కొంత తన బతుకు కోసం ఖర్చుపెట్టి తిరిగి గాలిలోకే వదులుతుంది. మిగిలినది ఆకు, మాను, వేరు అవుతుంది. ఆకు రాలుతుంది, కొమ్మ విరుగుతుంది, వేరు చస్తుంది. పురుగూ బూజూ వాటిని కుళ్ళబెట్టి కొంత గాలికి పంపుతాయి, కొంత మట్టిలో కలుపుతాయి. దీన్నే కర్బన చక్రం అంటారు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే.

అయితే అడవిలో ఎంత నిలవ వున్నదో తెలిస్తే చాలదు. ఏటా ఎంత వస్తున్నది, ఎంత పోతున్నది, ఎంత వేగంగా తిరుగుతున్నది అన్నది అసలు లెక్క. గాదెలో ధాన్యం చూసి రైతు బాగున్నాడనలేం గదా, అప్పు కూడా చూడాలి. అలాంటిదే.

ఆండీస్ కొండల్లో ఏం చేశారు?

ఈ లెక్కను ఓపికగా తీసిన చోటు దక్షిణ అమెరికాలోని పెరూ. కుస్కో ప్రాంతంలో, మను జాతీయ పార్కు అంచున కోస్నిపాతా లోయ వున్నది. అక్కడ ఆండీస్ పర్వతాలు అమెజాన్ మైదానంలోకి దిగుతాయి. పైన చెట్లు ఆగిపోయే చోట, మూడున్నర వేల మీటర్ల ఎత్తున, ఏడాది సగటు వేడి పది డిగ్రీలలోపే. కింద మైదానంలో ఇరవైనాలుగు పైచిలుకు. ఒకే వాలు మీద చలిదేశం నుంచి వేడిదేశం దాకా అన్నీ వున్నాయి. 2003 నుంచి అక్కడ పరిశోధకులు ఒక్కో హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల మళ్ళు గుర్తించి కొలతలు మొదలుపెట్టారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన యాద్వీందర్ మల్హి, పెరూ శాస్త్రజ్ఞురాలు నోర్మా సాలినాస్ వంటివారు ఈ పనిలో ముందున్నారు. కాని కొండెక్కి దిగినవారు పెరూ విద్యార్థులు, పేరుకెక్కని క్షేత్ర సహాయకులు.

పని చూస్తే మన కూలీలు చేయలేనిదేమీ కాదు. పది సెంటీమీటర్లు మించి లావున్న ప్రతి చెట్టుకూ నంబరు బిళ్ళ కొడతారు. నేలనుంచి 1.3 మీటర్ల ఎత్తున టేపు చుట్టి లావు కొలుస్తారు. ఎత్తు చూస్తారు. కలప ఎంత చేవగలదో చూస్తారు. ఈ మూడింటి నుంచి చెట్టు బరువు కడతారు. అడవిలో వలతొట్లు పెట్టి రాలిన ఆకునూ పుల్లనూ ఏరి, ఎండబెట్టి తూస్తారు. వేళ్ళు తీసేసిన మట్టిని జాలీగొట్టంలో నింపి పాతిపెట్టి, కొన్ని నెలలకు తవ్వి, కొత్తగా ఎన్ని వేళ్ళు దూరాయో లెక్కిస్తారు. నేలమీద గిన్నె బోర్లించినట్టు పరికరం పెట్టి, మట్టి ఎంత వాయువు వదులుతున్నదో కొలుస్తారు. ఇదంతా ఒక్కసారి కాదు, నెలనెలా, ఏళ్ళ తరబడి.

2017లో అచ్చయిన వారి లెక్క 3,300 మీటర్ల ఎత్తు తేడాలో వున్న 16 మళ్ళను చూసింది. పైకి పోయేకొద్దీ అడవి పెరుగుదల తగ్గుతున్నది. ఎందుకు? చలికి చెట్టు ఖర్చు పెరిగి కాదు. రాబడిలో ఖర్చయ్యే వాటా పైనా కిందా పెద్దగా మారలేదు. రాబడే తగ్గింది. కూలివాడి ఇంట్లో ఖర్చు వాటా అంతే వుండి కూలి డబ్బులే తగ్గినట్టు. మేఘాలు కమ్ముకొనే ఎత్తులో ఎండ చాలకపోవడం దీనికొక కారణం కావచ్చునని వారు భావించారు.

2011లో వచ్చిన మరో లెక్క ఇంకా గట్టిది. అక్కడి 14 మళ్ళలో 2003 నుంచి 2007 దాకా చూస్తే, చెట్ల జాతులు సగటున ఏడాదికి రెండున్నర నుంచి మూడున్నర మీటర్ల ఎత్తు చొప్పున పైకి జరుగుతున్నాయి. చెట్టు నడవదు. కిందివైపు ముసలి చెట్లు చస్తాయి, పైవైపు మొలకలు బతుకుతాయి. భూమి వేడెక్కే వేగంతో పోలిస్తే ఈ నడక చాలదని కూడా ఆ లెక్కే చెప్పింది. పొగ వదిలింది ఎవరో, వలసపోతున్నది ఎవరో ఇక్కడే తేలిపోతున్నది.

పైనుంచి చూస్తే కనపడేది, కనపడనిది

మళ్ళు ఎన్ని వేసినా కొండలన్నీ కొలవలేం. అందుకే ఉపగ్రహం కావాలి. పెరూ మొత్తం మీద నేలపై నిలిచిన చెట్లలో 692 కోట్ల టన్నుల కర్బనం వున్నదని 2014లో లెక్క వేశారు. విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచి, ఉపగ్రహ చిత్రాలతో కలిపి, నేలమీది మళ్ళతో సరిచూసి వేసిన లెక్క అది. మూడూ కలిస్తేనే లెక్క కుదిరింది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

కొండమీద ఉపగ్రహానికి చిక్కులెక్కువ. మామూలు కెమెరా మేఘాన్ని దాటి చూడలేదు. కోస్నిపాతా లాంటి లోయ మబ్బుల్లోనే వుంటుంది. రాడార్ మబ్బును దాటుతుంది గాని, తనవైపు తిరిగిన వాలును మరీ మెరుపుగా, అవతలి వాలును నీడగా చూపుతుంది. అడవి దట్టమయ్యేకొద్దీ రాడార్‌కు తేడా తెలియదు. నైసార్ లక్ష్యమే హెక్టారుకు 100 టన్నుల జీవపదార్థం దాకా కొలవడం. అంతకు మించిన దట్టమైన అడవికి మరింత పొడుగు తరంగాలు కావాలి. బయోమాస్ ఉపగ్రహాన్ని పంపింది అందుకే.

ఇక లేజర్ సంగతి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 2018 చివర్లో పంపిన ‘జెడై’ పరికరం నేలమీద 25 మీటర్ల వెడల్పు మచ్చ వేసి చెట్ల ఎత్తు కొలుస్తుంది. సమనేల మీద బాగానే వుంటుంది. ముప్పై డిగ్రీల వాలు మీద ఆ ఒక్క మచ్చలోనే నేల 14 మీటర్లకు పైగా లేస్తుంది. ఏది చెట్టు ఎత్తో, ఏది కొండ ఎత్తో విడదీయడం కష్టం. అలాగే ఆ వాలు మీద నూరు మీటర్లు నడిచినవాడు పటం మీద నడిచింది 87 మీటర్లే. ఈ సవరణ చేయకపోతే విస్తీర్ణమూ తప్పే, టన్నులూ తప్పే.

అసలైన ఉదాహరణ కొండచరియలు. కోస్నిపాతాలో 25 ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు చూసి, చరియలు విరిగిపడిన మచ్చలన్నీ లెక్కపెట్టారు. 2010 నాటి ఒక్క గాలివానే ఆ మొత్తం విస్తీర్ణంలో నాలుగో వంతుకు పైగా విరగ్గొట్టింది. చరియలతో కొట్టుకుపోయిన కర్బనంలో దాదాపు 80 శాతం మట్టిలోది, చెట్లది 20 శాతమే. మచ్చను చూపింది ఉపగ్రహమే. ఆ మట్టిలో ఏమున్నదో చెప్పింది మాత్రం గడ్డపార పట్టి తవ్విన మనిషి.

లెక్క చేతులు మారితే

కొలత తీసినవాడి నుంచి లెక్క బేరగాడి చేతికి పోయాక ఏమవుతున్నది? పెరూ, కొలంబియా, కంబోడియా సహా ఆరు దేశాల్లోని 26 అడవి ప్రాజెక్టులను పరిశీలించిన అధ్యయనం 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 2020 నాటికి ఆ ప్రాజెక్టుల నుంచి రావలసిన 8 కోట్ల 90 లక్షల క్రెడిట్లలో, నిజంగా అడవి నరుకుడు తగ్గినందువల్ల వచ్చినవి 6 శాతమేనని తేల్చింది. కిటుకు ఎక్కడ? ‘మేము లేకపోతే ఈ అడవి ఇంత నాశనమయ్యేది’ అని ముందే పెద్ద అంకె రాసుకోవడంలో. కాటాలో రాయి పెట్టడమంటే ఇదే.

పెరూలోనే కోర్దియేరా అసుల్ జాతీయ పార్కు 2001లో ఏర్పడింది. దాని అడవి పేరిట కర్బన క్రెడిట్లు అమ్మారు. అది మా తాతల నేల, పార్కు పెట్టేటప్పుడు మమ్మల్ని అడగలేదని కిచ్వా గిరిజనులు పోరాడుతున్నారు. చెట్టు బరువు టన్నుల్లో తేలింది. ఆ చెట్టు కింద బతికినవాడి హక్కు మాత్రం ఏ గడిలోనూ పడలేదు.

మన కొండల మాట

తూర్పు కనుమల్లో పోడు చేసుకునేవారికి ఉపగ్రహం కొత్త కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో వున్న గిరిజనుడికి పట్టా ఇవ్వాలి. అధికారులు ఉపగ్రహ పటం తీసి, ‘ఇక్కడ పచ్చగా వున్నది, ఇది అడవే’ అంటే ఏం చెప్పాలి?

ఇదివరకు మనం వాడిన లాండ్‌శాట్ చిత్రాల్లో ఒక్కో గడి 30 మీటర్లకు 30 మీటర్లు. మన లెక్కలో 22 సెంట్లు. అర ఎకరం పోడు చెక్క అంటే రెండు గడులకు కాస్త ఎక్కువ. దానిలో నాలుగు జీడిమామిడి చెట్లుంటే, లేదా బీడు వదిలిన ఏడాది తుప్పలు మొలిస్తే, పైనుంచి అడవిలాగే కనపడుతుంది. దేశంలో అడవిని లెక్కించే ఫారెస్ట్ సర్వే కూడా హెక్టారుకు మించిన చోట పది శాతం నీడ వుంటే అడవి విస్తీర్ణంలోనే కలుపుతుంది. అది తోపా, తోటా, అడవా అన్న తేడా చూడదు.

చట్టం ఈ విషయంలో మనవైపే వున్నది. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012 సవరణ నిబంధనలు చెప్పాయి. కేవలం పటం చూసి దరఖాస్తులు కొట్టేయడం కుదరదని గుజరాత్ హైకోర్టు 2013లో తీర్పు చెప్పింది. ఆండీస్‌లో శాస్త్రం చెప్పిందీ ఇదే: పైచూపు ఒక్కటే చాలదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తు తిరస్కరించబడినవారిని ఖాళీ చేయించమన్నప్పుడు లక్షల కుటుంబాలు గడగడలాడాయి. ఫిబ్రవరి 28న ఆ ఉత్తర్వును నిలిపేశారు. తిరస్కరణలు ఎలా జరిగాయన్న ప్రశ్న అప్పుడే బయటపడింది.

అయితే ఉపగ్రహమే దొరల సాధనం, మనకొద్దు అనే మాటతో మేము ఏకీభవించం. లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచీ వున్నాయి. 2008 నుంచి అవి ఎవరికైనా ఉచితం. 2005కు ముందే ఫలానా వాలు సాగులో వున్నదని చూపించడానికి అవే మనకు సాక్ష్యం కాగలవు. కత్తి ఎవరి చేతిలో వున్నదన్నదే ప్రశ్న.

కాబట్టి కార్యకర్తలు కొన్ని పనులు వెంటనే చేపట్టాలి. దరఖాస్తు తిరస్కరించినచోట ఏ తేదీ పటం చూశారో, గడి ఎంతదో రాతపూర్వకంగా అడగాలి. పటంతోపాటు ఊరి పెద్దల వాంగ్మూలం, పాత గట్లు, బావులు, సమాధులు, పెద్ద చెట్ల గుర్తులు ఫైలులో చేర్పించాలి. అడవి కొలతలు తీసేచోట ఊరి యువకులకు ఆ పని నేర్పి, నైపుణ్యపు కూలి ఇవ్వాలని పట్టుబట్టాలి. చెట్టు పేరు తెలిసినవాడు శాస్త్రజ్ఞుడికి తోడు, బరువు మోసే మనిషి మాత్రమే కాదు. కర్బనం పేరిట ఎవరు కాగితం తెచ్చినా, దాన్ని తెలుగులోనూ గిరిజన భాషలోనూ గ్రామసభలో చదివించాలి. ఎన్నేళ్ళు నేలను కట్టేస్తారు, పోడూ తునికాకూ కట్టెలూ ఏమవుతాయి, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది అని నిలదీయాలి. ఒక టన్ను కర్బనమంటే 3.67 టన్నుల బొగ్గుపులుసు వాయువు. క్రెడిట్టు అమ్మేది వాయువు లెక్కన. కర్బనం లెక్కన చెల్లించి వాయువు లెక్కన అమ్ముకుంటే మూడింతలకు పైగా గల్లంతు. ఈ ఒక్క అంకె ప్రతి గ్రామసభ గోడమీదా వుండాలి.

అడవిని కొలవనివ్వండి. కొలత మన ముందే జరగాలి, లెక్క మనకూ అందాలి, సంతకం గ్రామసభ చేతుల్లో వుండాలి.